పండక్కి కారులో వెళ్తున్నారా? ముందు కంటినిండా నిద్రపోండి!

'తెల్లవారుజామున ఆగి ఉన్న లారీని వెనక నుంచి ఢీకొట్టిన కారు...'

పండగలప్పుడు, వరుస సెలవుల్లో ఇలాంటి వార్త తరచూ చదువుతూనే ఉంటాం. ఊరి పేరు మారుతుంది. మిగతాదంతా దాదాపు ఒకేలా ఉంటుంది. సొంత కారు, అందులో సొంత కుటుంబం, రాత్రంతా ప్రయాణం. ఇంకో గంటో రెండు గంటలో గడిస్తే ఇల్లు చేరేవాళ్లే. ఇలాంటి కొన్ని ప్రమాదాల్లో రోడ్డు మీద బ్రేకు వేసిన ఆనవాళ్లు కూడా కనిపించవు. బ్రేకు వేయాల్సిన కళ్లు ఆ క్షణంలో మూతపడి ఉంటాయి కాబట్టి!

దూర ప్రయాణం అనగానే మనం టైర్లు చూసుకుంటాం. పెట్రోలు, ఫాస్టాగ్‌లో డబ్బులు చూసుకుంటాం. కొందరు వర్జ్యం, రాహుకాలం కూడా చూసుకుంటారు. కారు నడిపే మనిషి ముందు రోజు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడన్నది మాత్రం ఎవరూ అడగరు. నిజానికి ప్రయాణం ప్లాన్‌ చేసేటప్పుడు మొట్టమొదట వేసుకోవాల్సిన లెక్క అదే.

మ్యాప్‌ చెప్పే లెక్క వేరు

చెన్నైలో ఉద్యోగం చేసుకుంటూ సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్లే ఓ కుటుంబాన్నే తీసుకుందాం. రైలు టికెట్లు దొరకలేదు. కారులో వెళ్దామనుకున్నారు. దారి తెలిసిందే, 16వ నంబరు జాతీయ రహదారి. తడ దగ్గర ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చే ఈ రోడ్డు నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, విజయవాడ, ఏలూరు, రాజమహేంద్రవరం, అనకాపల్లి, శ్రీకాకుళం మీదుగా సాగి ఇచ్ఛాపురం దాటాక ఒడిశాలోకి వెళ్తుంది. మన రాష్ట్రంలోనే దీని పొడవు సుమారు వెయ్యి కిలోమీటర్లు. చెన్నై నుంచి శ్రీకాకుళానికి 900 కి.మీ. పైమాటే.

ఫోన్‌లో మ్యాప్‌ తెరిస్తే పదిహేను గంటల పైచిలుకు చూపిస్తుంది. అది చక్రాలు తిరిగే సమయం మాత్రమే. టిఫిను, భోజనం, టోల్‌గేటు దగ్గర పండగ క్యూ, చంటిదాని వాంతులు, 'ఒక్కసారి కాళ్లు చాపుకుంటాను, ఆపరా' అనే నాయనమ్మ మోకాళ్లు... ఇవేవీ ఆ లెక్కలో ఉండవు. అవన్నీ కలుపుకొంటే 18, 19 గంటలు అవుతుంది.

ఇప్పుడు చాలామంది చేసే పని చూడండి. ఉదయం ఆరింటికి లేచి ఆఫీసుకు వెళ్తారు. సాయంత్రం వచ్చి, ఏడింటికి 'రాత్రయితే ఎండ ఉండదు, ట్రాఫిక్‌ ఉండదు, పిల్లలు పడుకుంటారు' అంటూ బయల్దేరతారు. కారు నెల్లూరు చేరేసరికి రాత్రి 11. అంటే డ్రైవరు మేల్కొని అప్పటికే 17 గంటలు. గుంటూరు, విజయవాడ మధ్యకు వచ్చేసరికి మూడవుతుంది. మెలకువ 21 గంటలు. తెల్లారి ఆరింటికి రాజమహేంద్రవరం దారిలో ఉండగా సరిగ్గా 24 గంటలు. ఇంకా 300 కిలోమీటర్లు మిగిలే ఉంటుంది!

తాగకపోయినా తాగినట్టే

పదిహేడు గంటలు వరసగా మేల్కొని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో ఆల్కహాల్‌ 0.05 శాతం ఉన్న మనిషితో సమానమని పరిశోధనల్లో తేలింది. 24 గంటలైతే అది 0.10 శాతానికి చేరుతుంది. మన చట్టం ప్రకారం రక్తంలో ఆల్కహాల్‌ 100 మి.లీ.కు 30 మి.గ్రా., అంటే 0.03 శాతం దాటితేనే బండి నడపటం నేరం. చుక్క ముట్టని మనిషి కూడా నెల్లూరు దాటేసరికి మందు తాగి నడుపుతున్నవారి కన్నా మెరుగ్గా ఏమీ ఉండడన్నమాట. తేడా ఏంటంటే, దీన్ని పట్టే బ్రీత్‌ ఎనలైజర్‌ లేదు.

దీనికి తోడు మన ఒంట్లో ఓ గడియారం ఉంది. రోజులో రెండుసార్లు అది మనల్ని నిద్రవైపు లాగుతుంది. ఒకటి తెల్లవారుజామున 2 నుంచి 6 వరకు. రెండోది మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య. తెల్లవారుజాము లాగుడు చాలా బలమైంది. రాత్రి నిద్ర లేకపోవటం, ఈ సమయం రెండూ కలిసినప్పుడు ఎంత అనుభవం ఉన్న డ్రైవరైనా ఆపుకోవటం కష్టం.

అప్పుడు వచ్చేదే 'మైక్రో స్లీప్‌'. అంటే కొన్ని సెకన్ల కునుకు. కళ్లు తెరిచి ఉన్నా మెదడు పనిచేయటం ఆపేయొచ్చు. వచ్చినట్టు కూడా మనకు తెలియదు. గంటకు 100 కి.మీ. వేగంతో వెళ్లే కారు ఒక్క సెకనుకు దాదాపు 28 మీటర్లు ముందుకెళ్తుంది. నాలుగు సెకన్ల కునుకు పడితే 110 మీటర్లు. అంత దూరం కారును ఎవరూ నడపటం లేదన్నమాట!

ఈ లక్షణాలు కనిపిస్తే ఆపేయాల్సిందే

* మాటిమాటికీ ఆవలింతలు, కళ్లు మంటలు, రెప్పలు బరువెక్కటం.
* దాటొచ్చిన ఊరో, టోల్‌గేటో గుర్తుకు రాకపోవటం.
* కారు పక్క వరుసలోకి జరగటం, రోడ్డు అంచున ఉండే గరుకు గీతల మీద టైర్లు ఎక్కి చప్పుడు రావటం.
* తల వాలి ఉలిక్కిపడటం. ఇది వచ్చిందంటే ఒక కునుకు అప్పటికే పడిందని అర్థం.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 'ఇంకో ఇరవై కిలోమీటర్లు పోనిద్దాం' అనుకోవద్దు. పెట్రోలు బంకు, టోల్‌ప్లాజా వంటి వెలుతురు ఉన్న చోట ఆపండి. రోడ్డు పక్కన, చీకట్లో మాత్రం ఆపొద్దు. మనలా నిద్రమత్తులో వచ్చే మరో డ్రైవరుకు మన కారే ఆగి ఉన్న లారీ అవుతుంది.

ముఖం కడిగితే చాలా?

ఏసీ పెంచటం, అద్దం దించటం, పాటలు గట్టిగా పెట్టటం, బబుల్‌గమ్‌ నమలటం... అందరూ చేసేవే. రాత్రిళ్లు హైవేల మీద పోలీసులు వాహనాలు ఆపి డ్రైవర్లతో ముఖం కడిగించి పంపటమూ చూస్తుంటాం. కిందికి దిగటం, నాలుగు అడుగులు వేయటం మంచిదే. కానీ వీటి ప్రభావం కొద్ది నిమిషాలే. నిద్రకు నిద్రే మందు.

తప్పనిసరి పరిస్థితుల్లో ఉపయోగపడే పద్ధతి ఒకటుంది. కారు ఆపి, ఓ కప్పు కాఫీ తాగి, వెంటనే 15-20 నిమిషాలు కళ్లు మూసుకోండి. కాఫీలోని కెఫీన్‌ పనిచేయటానికి అరగంట వరకు పడుతుంది. ఈలోపు కునుకూ పూర్తవుతుంది. రెండూ కలిసి కాస్త తెరిపి ఇస్తాయి. అంతకన్నా ఎక్కువసేపు పడుకుంటే లేచాక మత్తు ఉంటుంది కాబట్టి అది పూర్తిగా పోయాకే స్టీరింగ్‌ పట్టుకోవాలి. ఈ కునుకుతో రాత్రంతా నడిపేయొచ్చని మాత్రం అనుకోవద్దు. దగ్గర్లోని ఊళ్లో గది తీసుకునేవరకే ఇది సాయం.

మరో చిన్న విషయం. ఏసీలో లోపలి గాలే తిరిగేలా ఉండే బటన్‌ను గంటల తరబడి అలాగే వదిలేయొద్దు. ఐదుగురు కూర్చున్న కారులో కార్బన్‌ డయాక్సైడ్‌ పెరిగి మగతగా ఉంటుంది. అప్పుడప్పుడూ బయటి గాలి రానివ్వండి.

రెండు పగళ్లు, ఒక రాత్రి

అందుకే 900 కిలోమీటర్లను రెండు రోజులకు పంచుకోవటం మంచిది. మధ్యలో విజయవాడ ఉండనే ఉంది. అటు 450, ఇటు 460 కిలోమీటర్లు.

ముందు రోజు: ఆఫీసు నుంచి రాగానే సామాను సర్దేసి 10 గంటలకల్లా పడుకోవాలి. అర్ధరాత్రి దాకా సర్ది, 'ట్రాఫిక్‌ ఉండదు' అని మూడింటికే బయల్దేరటం కూడా రాత్రి ప్రయాణమంత ప్రమాదమే. నడిపేవారికి సర్దుడు పనులు చెప్పొద్దు.

మొదటి రోజు: ఉదయం వెలుగు రాగానే చెన్నైలో బయలుదేరితే 10 గంటలలోపు నెల్లూరులో టిఫిను. ఈ దారిలో ఉదయం ఎండ కుడివైపు నుంచి, అంటే సరిగ్గా డ్రైవరు మీదే పడుతుంది. చల్లద్దాలు, నీళ్లు దగ్గరుంచుకోవాలి. ఒంగోలు దాటాక తేలికపాటి భోజనం, అరగంట విశ్రాంతి. సాయంత్రం నాలుగైదింటికల్లా విజయవాడ. గది ముందే బుక్‌ చేసుకోండి. పండగ రోజుల్లో అప్పటికప్పుడు దొరక్కపోతే 'ఎలాగూ లేదుగా, పోదాం పద' అనిపిస్తుంది.

రెండో రోజు: సంక్రాంతి రోజుల్లో పొగమంచు ఉంటుంది. అది విడిపోయాకే కదలండి. ఇక్కడి నుంచి రోడ్డు ఈశాన్యం వైపు సాగుతుంది కాబట్టి ఉదయం ఎండ ముఖం మీదే కొడుతుంది. ముందు అద్దం లోపలా బయటా శుభ్రంగా తుడవండి. రాజమహేంద్రవరం దగ్గర ఒకసారి, అన్నవరం దగ్గర మరోసారి ఆగొచ్చు. విశాఖలో పనిలేకపోతే అనకాపల్లి నుంచి సబ్బవరం మీదుగా ఆనందపురం చేరే ఆరు వరుసల రోడ్డు నగరంలోని ట్రాఫిక్‌ను తప్పిస్తుంది. చీకటి పడేలోపు శ్రీకాకుళం.

ఏ రోజైనా రెండు గంటలకోసారి 15 నిమిషాల విరామం తప్పనిసరి. ఇద్దరికి డ్రైవింగ్‌ వస్తే ఆ విరామంలోనే చేతులు మారాలి. ముందు సీట్లో కూర్చున్నవారు నిద్రపోకుండా డ్రైవరును గమనిస్తూ ఉండాలి. అద్దె డ్రైవరును పెట్టుకున్నా ఇదే నియమం. 'రాత్రి ఎంతసేపు పడుకున్నావు బాబూ?' అని అడగటంలో మొహమాటం వద్దు.

ఈ మందులు వేసుకుని నడపొద్దు

జలుబు, తుమ్ములు, దురదలకు వాడే సెట్రిజిన్‌, క్లోర్‌ఫెనిరమిన్‌ వంటి మాత్రలు, కొన్ని దగ్గు సిరప్‌లు, వాంతులు రాకుండా వేసుకునే మాత్రలు, ఆందోళన, నిద్రలేమి మందులు మత్తు కలిగిస్తాయి. కొన్నింటి ప్రభావం మర్నాటి వరకు ఉంటుంది. రోజూ వాడే మందుల్లో అలాంటివి ఉన్నాయేమో డాక్టరును ముందే అడగండి. సొంతంగా మానేయొద్దు.

ఇంకొకటి. రాత్రి గట్టిగా గురక, మధ్యలో ఊపిరి ఆగి ఉక్కిరిబిక్కిరి కావటం, ఎనిమిది గంటలు పడుకున్నా పగలు తూగటం ఉంటే అది స్లీప్‌ అప్నియా కావొచ్చు. ఇలాంటివారు ఎంతసేపు పడుకున్నా నిద్ర చాలదు. చికిత్స ఉంది. పరీక్ష చేయించుకునేవరకు దూరప్రయాణాల్లో స్టీరింగ్‌ వేరేవారికి ఇవ్వటమే మేలు.

షుగర్‌ ఉన్నవారు నడుపుతుంటే...

ఇన్సులిన్‌ లేదా షుగర్‌ను బాగా తగ్గించే మాత్రలు వాడేవారు భోజనం ఆలస్యమైతే గ్లూకోజు పడిపోవచ్చు. చెమటలు, వణుకు, చూపు మసకబారటం, తికమక దాని లక్షణాలు. స్టీరింగ్‌ ముందు ఇది నిద్రమత్తు అంత ప్రమాదం. బయల్దేరే ముందు, ఆపైన ప్రతి రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూసుకోవాలి. 90 లోపు ఉంటే ఏదైనా తిని, పెరిగాకే నడపాలి. 70 లోపు ఉంటే వెంటనే ఆపి మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజు తీసుకుని 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించుకోవాలి. మామూలు స్థాయికి వచ్చాక కూడా మెదడు కుదుటపడటానికి ముప్పావు గంట ఆగటం మంచిది.

ఇన్సులిన్‌ను డ్యాష్‌బోర్డులో, డిక్కీలో పెట్టొద్దు. ఆపిన కారు లోపల వేడికి అది పాడవుతుంది. ఐసు ముక్కలకు నేరుగా తగలనీయొద్దు కూడా. చల్లదనం ఉండే పౌచ్‌లో పెట్టి, దిగినప్పుడల్లా మీతో తీసుకెళ్లండి.

పెద్దవాళ్ల నీళ్ల సీసా ఖాళీ అవుతోందా?

దూరప్రయాణంలో ఇంట్లో ఆడవాళ్లు, పెద్దవాళ్లు చడీచప్పుడు లేకుండా చేసే పని ఒకటుంది, నీళ్లు తాగటం మానేస్తారు. మాటిమాటికీ కారు ఆపమనటానికి మొహమాటం. శుభ్రమైన టాయిలెట్‌ దొరుకుతుందో లేదోనన్న భయం. దీంతో మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు, మలబద్ధకం, తలతిరుగుడు. మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే బీపీ మాత్రలు వాడేవారు కొందరు ప్రయాణం రోజు మాత్రే మానేస్తారు. అలా చేయొద్దు. వేళ మార్చుకోవచ్చేమో డాక్టరును అడగండి. 'ఎవరైనా వెళ్తారా?' అని అడిగే బదులు రెండు గంటలకోసారి కారు ఆగుతుందని ముందే చెప్పేయండి. అడగాల్సిన అవసరం లేకపోతే మొహమాటం ఉండదు, నీళ్లూ తాగుతారు.

ఈ విరామాలు కాళ్లకూ అవసరమే. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే పిక్కల్లోని సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. ఇటీవల ఆపరేషన్‌ అయినవారు, గర్భిణులు, క్యాన్సర్‌ చికిత్స తీసుకుంటున్నవారు, గర్భనిరోధక మాత్రలు వాడేవారు, ఊబకాయులు, గతంలో గడ్డలు ఏర్పడినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి, ముందే డాక్టరును సంప్రదించాలి. కూర్చున్నచోటే పాదాలను పైకీ కిందకీ ఆడించటం, ఆగినప్పుడు ఐదు నిమిషాలు నడవటం చాలావరకు కాపాడతాయి. ప్రయాణం తర్వాత ఒక్క కాలే వాచి నొప్పి పుడుతున్నా, ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పిల్లలు ఒళ్లో కాదు, సీట్లో

'నా ఒళ్లో పట్టుకుంటాగా' అంటుంది అమ్మమ్మ. ప్రేమ ఎంత ఉన్నా, ఢీకొన్న క్షణంలో చంటిబిడ్డ బరువు ఎన్నో రెట్లు పెరిగినట్టవుతుంది. ఏ చేతులూ ఆపలేవు. ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెడితే ఎయిర్‌బ్యాగ్‌ వల్లా ప్రమాదమే. చిన్నపిల్లలకు వయసుకు తగ్గ చైల్డ్‌ సీటు, అదీ వెనక సీట్లోనే. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు సీటు బెల్టు లేదా చైల్డ్‌ సీటు ఉండాలని చట్టమూ చెబుతోంది. వెనక కూర్చున్న పెద్దలూ బెల్టు పెట్టుకోవాల్సిందే. గర్భిణులు కింది పట్టీని పొట్ట మీదుగా కాక, పొట్ట కింద తుంటి ఎముకల మీదుగా ఉండేలా చూసుకోవాలి. పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి రావాలి.

వాంతులయ్యే పిల్లలకు కడుపునిండా పెట్టొద్దు, ఖాళీ కడుపుతోనూ ఉంచొద్దు. ఫోన్‌ ఇవ్వకుండా దూరంగా కనిపించే కొండలు, చెట్లు చూడమనండి. 'రెండు నిమిషాల్లో వస్తాం' అంటూ ఆపిన కారులో పిల్లల్ని వదిలి వెళ్లొద్దు. ఎండలో పది నిమిషాల్లోనే లోపలి వేడి 10 డిగ్రీల దాకా పెరగొచ్చు.

కడుపులో బరువు, కంట్లో నిద్ర

మధ్యాహ్నం దారిలో బిర్యానీ లాగించి మళ్లీ స్టీరింగ్‌ ముందు కూర్చుంటే రెండింటి మగతకు మనమే తోడ్పడినట్టు. నడిపేవారు ఇడ్లీ, చపాతీ, కొద్దిగా పెరుగన్నం వంటివి తిని, బిర్యానీని రాత్రి బస దగ్గరికి వాయిదా వేసుకోవటం మేలు. ఇంటి నుంచి తెచ్చుకోవటానికి పులిహోర, వేయించిన పల్లీలు, అరటిపళ్లు, కమలాలు బాగుంటాయి. పెరుగన్నం తెచ్చుకుంటే మధ్యాహ్నంలోపే తినేయాలి.

బయల్దేరే ముందు ఒక్కసారి

* టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. స్టెప్నీలోనూ.
* మందులు ఒకటి రెండు రోజులకు ఎక్కువగా, మందుల చీటీ ఫోటో ఫోన్‌లో.
* ప్రథమ చికిత్స పెట్టె, ఓఆర్‌ఎస్‌ ప్యాకెట్లు, టార్చి, ఎర్రటి హెచ్చరిక త్రికోణం.
* జాతీయ రహదారి హెల్ప్‌లైన్‌ 1033, అంబులెన్స్‌ 108, అత్యవసర సాయం 112. కారులో అందరి ఫోన్లలోనూ ఉండాలి.

చివరిగా ఒక మాట, ఊళ్లో ఎదురుచూసే పెద్దలకు. 'ఎక్కడిదాకా వచ్చార్రా? ఇంకా అక్కడేనా? అన్నం వండి కూర్చున్నాం' అని గంటకోసారి చేసే ఫోన్‌లో ప్రేమే ఉంటుంది. స్టీరింగ్‌ ముందున్న కొడుకుకో, అల్లుడికో అది తొందరపెట్టినట్టే వినిపిస్తుంది. ఆపుదామనుకున్న చోట ఆపనివ్వదు. అందుకే ఈసారి బయల్దేరే ముందే చెప్పేయండి, 'అమ్మా, ఇవాళ రాత్రికి విజయవాడలో పడుకుంటాం. రేపు సాయంత్రానికి వస్తాం. నాకు ఫోన్‌ చేయకు, మేమే చేస్తాం' అని. పండగ భోజనం ఒక పూట ఆలస్యమైనా ఫర్వాలేదు. అందరూ కలిసి కూర్చుని తినటమే కదా కావాల్సింది!